కాపరి కవరు ఏది?

సుమారు పాతికేళ్ల క్రితం మాట. సెమినరీ చదువు ముగించుకుని నెల్లూరు తీరంలోని ఒక మత్స్యకార గ్రామంలో మేము సేవ ప్రారంభించిన తొలి రోజులవి. నెలలో మొదటి ఆదివారం ఆరాధన ముగిశాక, దశమభాగం కవర్ల మీది పేర్లను కోశాధికారి చదివేవారు. ఆ రోజు మలాకీ మూడో అధ్యాయం తీసుకుని, దేవునికి చెందినది దాచుకోవద్దని మేము గట్టిగానే బోధించాం. అందరూ వెళ్లిపోతున్నారు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే ఒక అవ్వ గుమ్మం దగ్గర ఆగి, ఏ ఎత్తిపొడుపూ లేకుండా అడిగింది: "అందరి పేర్లూ చదివినారు గదా అయ్యగారా, మీ పేరు వినబళ్లేదేందయ్యా?"

మా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి, "మన బతుకే దేవునికి ఇచ్చేశాం కదా, ఇంకా దశమభాగం ఏమిటి?" అన్నాం. మా ఇల్లాలు అన్నం వడ్డిస్తూ, "ఆ అవ్వ కూడా బతుకు దేవునికిచ్చిందే కదండీ. అయినా కవరు తెస్తోంది" అంది.

ఆ రాత్రి సంఖ్యాకాండము 18వ అధ్యాయం తెరిచాం. లేవీయులకు పొలం లేదు, స్వాస్థ్యం లేదు. ఇశ్రాయేలీయులు ఇచ్చే దశమభాగమే వారి జీవనాధారం (18:21). ఇంతవరకు పాస్టర్లమందరం ఇష్టంగా బోధిస్తాం. కానీ ఆ తర్వాతి మాటల దగ్గర ఎందుకో ఆగం. లేవీయులు తాము పుచ్చుకున్న పదోవంతులోంచి మళ్లీ పదోవంతు తీసి యాజకుడైన అహరోనుకు ఇవ్వాలి (18:26-28). అదీ మిగిలిందో తగిలిందో కాదు, ఉన్నవాటిలో శ్రేష్ఠమైనది (18:29). మన నెల్లూరు లెక్కలో చెప్పాలంటే, వంద పుట్ల ధాన్యం పండితే లేవీయునికి పది పుట్లు, అందులోంచి యాజకునికి ఒక పుట్టి. చెర నుంచి తిరిగొచ్చాక కూడా ప్రజలు ఇదే నిబంధన చేసుకున్నారు (నెహెమ్యా 10:38). పుచ్చుకునేవాడు ఇవ్వనక్కర్లేదన్న మినహాయింపు ధర్మశాస్త్రంలో లేదు.

అయితే నేటి పాస్టర్లు లేవీయులా? కాదు. యాజకత్వమే మారిందని హెబ్రీ పత్రిక చెబుతోంది (7:12). సువార్త ప్రకటించేవారు సువార్త వలన జీవించాలని పౌలు రాశాడు గాని (1 కొరింథీ 9:14), సంఘానికైనా కాపరికైనా పదోవంతు అని లెక్క కట్టలేదు. ప్రతివాడూ తన హృదయంలో నిశ్చయించుకున్నట్టు సంతోషంగా ఇవ్వాలన్నాడు (2 కొరింథీ 9:7). కాబట్టి పాస్టరు దశమభాగం ఇవ్వకపోతే ధర్మశాస్త్రం మీరాడని మేము అనం. కానీ ఒక మాట అనక తప్పదు. మలాకీ గ్రంథం చేతబట్టి విశ్వాసులను అడిగే కాపరికి, సంఖ్యాకాండము తన గురించి కాదని తప్పించుకునే హక్కు లేదు. సంఘానికో కొలత, కాపరికో కొలత ఉండకూడదు.

కాపరుల కష్టం మాకు తెలియనిది కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో తీరగ్రామాల్లో కానుక సంచి బరువు తగ్గుతుంది, పాస్టరు ఇంట్లో పొయ్యి కూడా ఆలస్యంగా వెలుగుతుంది. తమకు రావలసింది అందక లేవీయులు పొలాలకు పారిపోతే, నెహెమ్యా వారిని గద్దించలేదు. దేవుని మందిరాన్ని ఎందుకు విడిచిపెట్టారని అధికారులను నిలదీశాడు (13:10-11). కాపరిని పస్తుంచి, అతని కవరు కోసం చూడటం సంఘానికి న్యాయం కాదు.

మరో చిక్కుంది. కొన్ని స్వతంత్ర సంఘాల్లో కానుక సంచి నేరుగా పాస్టరు ఇంటికే చేరుతుంది. అక్కడ ఆయన దశమభాగం వేస్తే కుడి జేబులోది ఎడమ జేబులోకి వెళ్లినట్టే. లేవీయుని కానుక అతని చేయి దాటి పోయేది. నెహెమ్యా కొట్లమీద నమ్మకమైన మనుషులను నియమించాడు (13:13). మనమూ లెక్కలు సంఘం ముందు పెడదాం. మన వంతును మనకంటే పేద గ్రామంలో సేవ చేసే కాపరికో, విధవరాలికో, తల్లిదండ్రులు లేని బిడ్డకో చేరుద్దాం. ద్వితీయోపదేశకాండము 14:29 చూపే దారి అదే.

అసలు ఈ తీరంలో సంఘమే పరుల కానుకలతో నిలిచింది. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ సేవ ప్రారంభించాడు. ఫలితం కనబడటం లేదని 1853లో దానిని మూసేయాలన్న చర్చ వచ్చింది. అయినా మూయలేదు. 'ఒంటరి నక్షత్రం' అని పేరుపడిన ఆ మిషన్‌ను, నెల్లూరు ముఖం ఎన్నడూ చూడని విశ్వాసులు సముద్రం అవతలి నుంచి పోషించారు. ఆ కానుకల నీడలో పెరిగిన మనం ఇవ్వడం చేతకాదంటే ఎలా?

అప్పట్లో సంఘం మాకిచ్చేది నెలకు 2,000 రూపాయలు. మరుసటి నెల 200 కవరులో పెట్టాం. పాలవాడి బాకీ మిగిలింది, చేయి వణికిన మాట నిజం. కోశాధికారి మా పేరు చదివినప్పుడు అవ్వ తలెత్తి కూడా చూడలేదు. ఆమె దృష్టిలో అది విశేషమే కాదు, అందరిలాగే అయ్యగారూ ఇచ్చారు, అంతే.

ఆ రోజు నుంచి కానుకల గురించి బోధించేటప్పుడు మా గొంతు కాస్త తగ్గింది. కాపరులారా, మనం అడిగే ముందు ఇద్దాం. మంద ముందు నడిచేవాడే కదా కాపరి!