ఇంట్లో బండికి పాలిష్ చేయాలంటే ఏ మిషన్ కొనాలి? ముందు గ్రైండర్ పక్కన పెట్టండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తమ్ముళ్లు చాలా రోజుల నుంచి అడుగుతున్నది ఒకటే. "అన్నా, ఇంట్లో గ్రైండర్ ఉంది. దానికే స్పాంజ్ ప్యాడ్ బిగించి కారు, బైకు పాలిష్ కొట్టొచ్చా? వేరే మిషన్ ఎందుకు?"

వద్దు. ఇది నేను నా సొంత బైకు మీదే నేర్చుకున్నా. నల్ల ట్యాంకు, పైన సన్న గీతలు. వెల్డింగ్ పనికి వాడే నాలుగు అంగుళాల గ్రైండర్‌కు ప్యాడ్ పెట్టి స్విచ్ వేసిన. నాలుగైదు సెకన్లు కూడా కాలేదు, ట్యాంకు అంచు మీద రంగు లేచిపోయి ప్రైమర్ కనబడ్డది. గీతలు పోలేదు గానీ పెయింటరుకు డబ్బులు పోయినయ్.

ఎందుకట్లా అయింది? బండి రంగు మీద మెరుపు కోసం క్లియర్ కోట్ అని పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం దాదాపు 40, 50 మైక్రాన్లు. మన జిరాక్స్ కాగితం 100 మైక్రాన్లు ఉంటుంది, అంటే అందులో సగం. పాలిష్ అంటే ఈ పొరను కొంచెం అరగదీసి గీతను సమం చేయడమే. అరిగింది మళ్లీ రాదు. చిన్న గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. పాలిష్‌కు కావాల్సింది 3,000 లోపే. ఆ వేగానికి ప్యాడ్ ఊడి మొహానికి తగిలినా ఆశ్చర్యం లేదు.

సరే, అసలు పాలిషర్లు రెండు రకాలు. రోటరీ అనేది తిరగలి లాగ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. పని తొందరగా అయితది, వేడీ తొందరగా పుడుతది. రోజూ చేసేవాళ్ల చేతికి అది మంచిదే. రెండోది డ్యూయల్ యాక్షన్, షార్ట్‌గా డీఏ. ప్యాడ్ తన చుట్టూ తిరుగుతూనే చిన్న వృత్తంలో ఊగుతుంది. గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోయి ఊగడం మాత్రమే మిగులుతుంది. అంటే మన తప్పును మిషనే కొంత కాస్తది. మొదటిసారి కొనేవాళ్లు డీఏనే తీసుకోండి, ఇందులో నాకు రెండో మాట లేదు.

డబ్బా మీద 8, 15, 21 ఎంఎం అని రాసి ఉంటుంది. ప్యాడ్ ఊగే వృత్తం వెడల్పు అది. 21 పెద్ద కారు బానెట్ మీద బాగా నడుస్తది, వంపుల మీద ఆగిపోతది. మన దగ్గర బైకులే ఎక్కువ కాబట్టి 8 ఎంఎం చాలు. ఐదు అంగుళాల ప్లేటుతో పాటు మూడు అంగుళాల ప్లేటు కూడా పడుతుందా అని అడగండి. ట్యాంకు, మడ్‌గార్డు మీద ఆ చిన్నదే పనికొస్తుంది. వాట్లు చూసి మోసపోవద్దు. స్పీడ్ తగ్గించే డయల్ ఉందా, ప్లేటు, కార్బన్ బ్రష్‌లు విడిగా దొరుకుతాయా చూడండి. ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీస్తే తిరుగుతుందో, ఆగిందో తెలుస్తుంది.

ఇగ మన ప్రాంతం సంగతి. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా 44వ జాతీయ రహదారి మీద తిరిగే బండికి దుమ్ము ఎట్లా పడుతదో మీకే తెలుసు. దాన్ని పొడిబట్టతో తుడిస్తేనే సగం గీతలు పడతాయి. అందుకే ముందు ధారాళంగా నీళ్లు కొట్టి, షాంపూతో కడగాలి. బోరునీళ్లు గానీ ఉప్పునీళ్లయితే ఆరనియ్యకుండా మైక్రోఫైబర్ బట్టతో అద్దండి, లేకపోతే తెల్ల మచ్చలు పడతాయి. ఎండాకాలం పొద్దున ఆరింటికే, నీడలో పని మొదలుపెట్టండి. రేకు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే పాలిష్ వెంటనే ఎండిపోతుంది. కడిగిన తడి నేల మీద నిలబడి మిషన్ ఆన్ చేయొద్దు.

గోరు పెట్టి చూడండి, గీతలో గోరు తట్టుకుంటే అది లోతైనది, ఏ మిషన్‌తోనూ పూర్తిగా పోదు. మ్యాట్ రంగు బండికి అసలు పాలిషే వద్దు, మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. అంచులకు, స్టిక్కర్లకు టేపు వేయండి. ప్లాస్టిక్ భాగాల మీద ఒకేచోట ఆగొద్దు, వేడి బయటకు పోదు. ప్యాడ్‌ను రంగుకు ఆనించాకే స్విచ్ వేయాలి, లేకపోతే పాలిష్ మొత్తం మీ చొక్కా మీదే. ముందు జానెడు చోట మెత్తటి ప్యాడ్‌తో నాలుగు సార్లు తిప్పి చూడండి. గీతలు పోతే బండి మొత్తం దాంతోనే చేయండి, పోకపోతేనే గట్టి ప్యాడ్.

ప్యాడ్ల రంగుల గోల వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటా మరి.