మూగజీవుల చెలిమి

మాటలు నేర్చిన మానవుడు మౌనము పూనినప్పుడు, మాటలు రాని ప్రాణి వానిని పలికింపగలదా? ఇది చమత్కారమునకు వేసిన ప్రశ్న కాదు. మానసిక వైద్యశాలల చరిత్రలో దీనికి సమాధానము కలదు.

పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాలో మతి చలించినవారిని గొలుసులతో బంధించుట సామాన్యాచారము. 1790లో ఇంగ్లాండులోని యార్క్ నగరపు చికిత్సాలయములో హన్నా మిల్స్ అను క్వేకరు మతస్థురాలు మరణించెను. ఆమెను చూడవచ్చినవారిని లోనికి పోనీయలేదు. ఈ ఘటనచే చలించిన క్వేకరులు, విలియం టూక్ అను తేయాకు వర్తకుని పూనికతో, 1796లో ‘రిట్రీట్’ అను ఆశ్రయమును తెరచిరి. గొలుసులకు మారుగా దయయు, పనియు అచట చికిత్స లయ్యెను. టూక్ మనుమడు శామ్యూల్ 1813లో ఆ గృహమును గూర్చి గ్రంథము వ్రాసెను. దూరము తిరుగ వీలులేని రోగుల కొఱకు ముంగిళ్లలో కుందేళ్లను, కోళ్లను, సముద్రపక్షులను, డేగలను ఉంచిరని అందు తెలిపెను. ఆ చెలిమి వినోదముతోపాటు దయాభావమును కూడ మేల్కొలుపునని వారి విశ్వాసము.

సుమారు నూటయేబది యేండ్లు గడచిన పిమ్మట, అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అను శిశుమనస్తత్త్వవేత్త కడకు, ఎవరితోను కలియని బాలు డొకడు నియమిత వేళకు ముందే వచ్చెను. గదిలో ఆయన కుక్క జింగిల్స్ ఉండెను. బాలుడు దానితో ఆడుకొనసాగెను. క్రమముగా ఆ చెలిమిలో లెవిన్సనుకును చోటు దొరకెను. కుక్కను సహచికిత్సకునిగా పేర్కొనుచు ఆయన 1962లో వ్యాసము ప్రకటించెను.

ఇందలి మర్మమేమి? వైద్యశాలలో నివసించు రోగి తెల్లవారినది మొదలు పుచ్చుకొనువాడే: అన్నము, మందు, ఆజ్ఞ. కుందేలునకు గడ్డి వేసిన క్షణమున అతడు ఇచ్చువా డగును. ఆ ప్రాణి అతని రోగచరిత్ర నడుగదు.

అట్లని దీనిని సర్వరోగనివారిణి యనరాదు. ఇది ఔషధమునకు తోడే గాని బదులు కాదు. ప్రారంభించువారు మొదట రోగుల నడుగవలెను: ఎవరికి భయము? ఎవరికి జంతువుల రోమము సరిపడదు? వలదన్నవారిని బలవంతపెట్టరాదు. సాధుస్వభావము గల జంతువును పశువైద్యుడు పరీక్షింపవలెను. కుక్కకు పిచ్చికుక్క వ్యాధి నిరోధకపు టీకా తప్పనిసరి. తాకినవారు చేతులు కడుగుకొనవలెను. జంతువును ఎఱిగిన మనిషి ఎల్లప్పుడు దగ్గర నుండవలెను. దానికిని అలసట కలదు. విశ్రాంతికి మఱుగైన చోటు కావలెను. రోగి మఱచినను ఆకలి మఱవదు గనుక, మేత బాధ్యత సిబ్బందిలో నొకరు వహింపవలెను. కొలదిమందితో మొదలిడి, ఎవరు పలికిరి, ఎవరు గది వెడలి వచ్చిరి అని వ్రాసి ఉంచినచో, మేలు కలిగినదో లేదో తేటపడును.

‘పిచ్చి’ యను మాటను తరగతిలో నవ్వులాటకు వాడు విద్యార్థులకు ఉపాధ్యాయులు ఈ కథ చెప్పదగును. రోగిని నమ్మి ఒక ప్రాణిని అతని చేతి కిచ్చుట యనగా, అతనిలోని మనుష్యుని గుర్తించుటయే.