యాభై దాటాక స్పానిష్‌... తెలుగు నోటికి తేలికే!

ఉద్యోగం నుంచి విశ్రాంతి దొరికింది. పిల్లలు స్థిరపడ్డారు. ఏదైనా కొత్తది నేర్చుకోవాలని ఉన్నా ‘ఈ వయసులో ఇంకేం వస్తుంది’ అని వెనకాడుతున్నారా? అమెరికాలో మనవలు బడిలో స్పానిష్‌ నేర్చుకుంటుంటే మీరూ వారితోపాటు మొదలుపెట్టొచ్చు. దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష అయిన స్పానిష్‌ మనకు అనుకున్నంత దూరమేమీ కాదు.

మెదడుకు ఏం మేలు?

హైదరాబాద్‌లోని నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా బాధితులను పరిశీలించిన డాక్టర్‌ సువర్ణ అల్లాడి బృందం 2013లో ఫలితాలను ప్రచురించింది. ఒక్క భాషే మాట్లాడేవారితో పోలిస్తే రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చినవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. అయితే వీరు ఏళ్ల తరబడి ఆ భాషలను వాడుతూ వచ్చినవారు. పెద్దయ్యాక నేర్చుకున్నా అంతే రక్షణ దొరుకుతుందని చెప్పలేం. అందుకే దీన్ని మందుగా భావించకండి. రోజూ నడిచినట్టే, మెదడుకు ఇదో మంచి కసరత్తు అనుకోండి.

తెలుగుతో పోల్చుకోండి

ఇంగ్లిష్‌తో కన్నా తెలుగుతో పోల్చుకుంటే స్పానిష్‌ త్వరగా పట్టుబడుతుంది.

* అచ్చుల పలుకులు ఐదే: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. రాసింది రాసినట్టు చదవటమే ఎక్కువ. ‘హెచ్‌’ అక్షరాన్ని మాత్రం రాస్తారు గానీ పలకరు.

* త, ద.. మనలాగే నాలుకను పళ్లకు తాకించి పలుకుతారు. టమాటాను ‘తొమాతె’ అంటారు.

* ‘పెరో’ అంటే కానీ. ‘పెర్రో’ అంటే కుక్క. ఇంగ్లిష్‌ వారిని తికమకపెట్టే ఈ ‘ర్ర’.. గుర్రం, బర్రె అని పలికే మనకు కష్టం కాదు.

* నాకు కాఫీ ఇష్టం అనటానికి ‘మె గుస్తా ఎల్‌ కఫె’ అంటారు. మనలాగే ‘నాకు’ అంటూ మొదలవుతుంది.

* నువ్వు, మీరు తేడా ఉంది. చనువైతే ‘తు’, మర్యాదకు ‘ఉస్తెద్‌’. ‘ఆబ్లో’ అంటే మాట్లాడతాను. మనలాగే ‘నేను’ అని వేరుగా చెప్పక్కర్లేదు.

* మేస్త్రి, అల్మారా, తువ్వాలు.. ఇవి పోర్చుగీసు నుంచి మనకొచ్చిన మాటలు. దాని తోబుట్టువైన స్పానిష్‌లో మాయెస్త్రో, ఆర్మారియో, తొఆయా.

తడబడేది ఎక్కడంటే.. వస్తువులకూ ఆడ, మగ తేడా ఉంటుంది. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. హిందీ వచ్చినవారికి ఇది అలవాటే. రానివారు ప్రతి పదాన్నీ ముందుండే ‘ఎల్‌’, ‘లా’తో కలిపే గుర్తుపెట్టుకోవాలి.

రోజుకు 15 నిమిషాలు

మొదటి వారం: వినండి, పైకి అనండి. ‘లాంగ్వేజ్‌ ట్రాన్స్‌ఫర్‌’ ఆడియో పాఠాలు ఉచితం. వివరణ ఇంగ్లిష్‌లో ఉంటుంది.

రెండో వారం: రోజుకు ఐదు పదాలు చాలు. వంటింటి డబ్బాలపై చీటీలు అంటించండి. ఉప్పు ‘సాల్‌’, నీళ్లు ‘ఆగ్వా’, పాలు ‘లెచె’. బియ్యానికీ అన్నానికీ ఒకటే మాట, ‘అర్రోస్‌’. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత చీటీ చూడకుండా గుర్తుతెచ్చుకోండి. ఊరికే పదిసార్లు చదవటం కన్నా ఇలా గుర్తుచేసుకుంటేనే మనసులో నిలుస్తుంది.

మూడో వారం: డుయోలింగో వంటి యాప్‌తో చిన్న వాక్యాలు సాధన చేయండి. పాయింట్ల మోజులో పడి గంటలకొద్దీ ఫోన్‌ పట్టుకోవద్దు.

నాలుగో వారం: ఎవరితోనైనా మాట్లాడండి. వీడియో కాల్‌లో మనవరాలిని ‘కోమో ఎస్తాస్‌’, అంటే ఎలా ఉన్నావని అడగండి. తప్పులు దిద్దే పని తనకే అప్పగించండి. భార్యాభర్తలు కలిసి నేర్చుకుంటే సాధన మానేసే అవకాశం తక్కువ.

ఇంకా పద్ధతిగా నేర్చుకోవాలంటే తొలి మెట్టు ‘ఎ1’ స్థాయి కోర్సులో చేరొచ్చు. స్పెయిన్‌ ప్రభుత్వ సంస్థ ‘ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్‌’ ఢిల్లీలో ఉంది. హైదరాబాద్‌లోని ఇఫ్లూలోనూ స్పానిష్‌ బోధిస్తారు.

ఇవి గమనించండి

ఆడియో ఎంత పెంచినా మాటలు స్పష్టంగా వినిపించటం లేదా? లోపం జ్ఞాపకశక్తిలో కాకుండా చెవిలో ఉండొచ్చు. వినికిడి పరీక్ష చేయించుకోండి. వినికిడి లోపాన్ని నిర్లక్ష్యం చేస్తే డిమెన్షియా ముప్పూ పెరుగుతుంది. కొత్త పదాలు మరచిపోవటం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. తెలిసిన దారి తప్పటం, చిల్లర లెక్కల్లో తడబడటం, ఇంట్లోవారి పేర్లు గుర్తురాకపోవటం వంటివి కనిపిస్తే మాత్రం ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకోకుండా నాడీ నిపుణులను కలవాలి.