మల్లరంగమున నాటకము

ఫలితము ముందే తెలిసిన పోరును జనులు ఏల చూతురు? పైకి చిన్నదిగా కనబడినను, సాహిత్యము చదువువారికిని చదువు చెప్పువారికిని ఇది తప్పించుకొన వీలులేని ప్రశ్న. భీముడు గెలుచునని తెలిసియే విరాటపర్వము విప్పుచున్నాము. రాయబారము విఫలమగునని తెలిసియే మన పెద్దలు తెల్లవార్లు పద్యనాటకము ముందు కూర్చుండిరి. టెలివిజనులో కుస్తీలు చూచి బడికి వచ్చిన బాలుడు మాత్రము, "అదంతా నాటకమేనండీ, ఎవడు గెలవాలో ముందే అనుకుంటారు" అని ఒక్కమాటతో కొట్టివేయును. అతడు చెప్పినది నిజమే. ఆ నిజము దగ్గర ఆగిపోక, అది ఎట్టి నాటకము, దానిలో కథ ఎట్లు నడచుచున్నది అని అడుగుట ఉపాధ్యాయుని పని.

మల్లవిద్య తెలుగువారికి క్రొత్తది కాదు. జెట్టి, వస్తాదు, తాలింఖానా, గోదా అను మాటలు మన ఊళ్లలో నలిగినవే. ఎన్నికలలో ఒకడు గోదాలోనికి దిగినాడనియు, ప్రత్యర్థిని చిత్తు చేసినాడనియు పత్రికలు వ్రాయునపుడు, ఆ పలుకుబడి కుస్తీ పట్లనుండి వచ్చినదని మనము మరచుచున్నాము. ప్రత్యర్థిని వెల్లకిల పడవైచి వీపు నేలకు తాకించుటయే చిత్తు చేయుట. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో కోడి రామమూర్తినాయుడు సర్కసు డేరా క్రింద తన దేహబలమును వేలమందికి చూపి, బలమును గూడ ప్రదర్శనకళగా మలచవచ్చునని నిరూపించెను. అయినను మల్లయుద్ధమునకు కథాబలము చేకూర్చినవారు వస్తాదులకంటె ముందు కవులు.

కృష్ణా మండలమున వానలు వెనుకబడిన యేట గ్రామములలో విరాటపర్వము చదివించుట పూర్వాచారము. ఆ పర్వము చదివినచో వానలు కురియునని నమ్మకము. పురాణము వినుటకు చేరిన రైతుల చెవిని కీచకవధ కంటె ముందుగా పడునది మల్లయుద్ధ ఘట్టము. పాండవులు మారుపేళ్లతో విరాటుని కొలువున చేరి నాలుగవ మాసము. మత్స్యనగరమున ఉత్సవము వచ్చినది. నానాదేశముల మల్లులు వచ్చిరి. వారిలో జీమూతుడనువాడు రంగమధ్యమున నిలిచి అందరిని పోరునకు పిలిచెను. ఒక్కడును ఎదురు రాలేదు. అప్పుడు రాజునకు తన వంటవాడైన వలలుడు జ్ఞప్తికి వచ్చెను.

ఇచ్చట కథ బిగిసిన తీరు గమనింపదగినది. వలలుడు భీముడు. అతడు ఆనందముతో గోదాలోనికి దుమికినచో ఆ ఘట్టమున కథ యుండదు. బలప్రదర్శన మాత్రమే యుండును. వ్యాసుని మూలమున భీముడు ఇష్టములేకయే, రాజాజ్ఞను పదిమంది యెదుట కాదనలేక, రంగమునకు వచ్చుచున్నాడు. అతని సంకటము స్పష్టము. పట్టు పట్టిన కొలది బలము బయటపడును. బలము బయటపడిన కొలది పేరు బయటపడును. పేరు బయటపడినచో ఒప్పందము ప్రకారము మరల పండ్రెండేండ్ల అరణ్యవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము. ఓడినచో నమ్మిన రాజునకు తలవంపు. కావున ఆ గోదాలో భీమునకు ప్రత్యర్థులు ఇద్దరు: జీమూతుడొకడు, తన బలము రెండవది.

చూచువారును రెండు తెగలైరి. కొలువులోనివారికి అది ఒక వంటవాని సాహసము. పురాణము వినువానికి అది భీముని నిగ్రహము. ఒకే పట్టును ఇరువురు రెండు కథలుగా చదువుకొనుచున్నారు. తుదకు భీముడు జీమూతుని పైకెత్తి నూరుమార్లు త్రిప్పి నేలవైచునపుడు కొలువువారు చప్పట్లు చరచుచుండగా శ్రోత గుండె మాత్రము గుబగుబలాడును: ఇంత బలము వంటవానికెక్కడిదని ఎవరైన అడిగినచో? ఫలితము తెలిసిన పోరులో ఉత్కంఠ ఎచ్చటనుండి పుట్టునో ఈ ఘట్టము చెప్పుచున్నది. ఎవడు గెలుచునన్న ప్రశ్న పోయి, గెలుపునకు ఏమి వెల చెల్లింపవలసివచ్చునన్న ప్రశ్న దాని చోట నిలిచినది.

ఇంకొక విశేషము. జీమూతమనగా మేఘము. భీముడు వాయుపుత్రుడు. గాలి మేఘమును గిరగిర త్రిప్పి నేలకు దింపిన చిత్రమును, వానకొరకు ఆకాశము వంక చూచుచు కూర్చున్న రైతు వినుచున్నాడు. విరాటపర్వమునకు వాననంటగట్టిన నమ్మకమునకు ఇదియే కారణమని నేననను. కాని ఆ పేరులోని చమత్కారము డెల్టా పొలము గట్టున కూర్చున్న శ్రోతకు తగిలినంత సూటిగా మరియొకరికి తగలదు.

భాగవత దశమస్కంధమున చాణూర ముష్టికులతో కృష్ణ బలరాముల పోరు మరియొక విధమైన కూర్పు. అచ్చట ఒకవైపు కొండలవంటి మల్లులు, మరియొకవైపు బాలురు. చూచుచున్న మథురానగర స్త్రీలు ఇది సరిజోడు కాదని, ఇట్టి పోరు సాగనిచ్చుట అధర్మమని వాపోవుచున్నారు. ప్రేక్షకుని మనస్సునే కథలో ఒక పాత్రగా కవి చేసికొన్నాడు. రంగమున ఇద్దరు పెనగులాడుచుండగా మూడవ పాత్ర చుట్టును కూర్చున్న జనసమూహము.

భరతుని నాట్యశాస్త్రము యుద్ధమును, మరణమును రంగస్థలమున ప్రత్యక్షముగా చూపరాదని, ప్రవేశకాదులచే సూచింపవలెనని నియమించినది. చలనచిత్రము వచ్చి ఆ యడ్డు తొలగించినది. 1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వెలువడిన 'నర్తనశాల'లో భీమపాత్ర ధరించినవాడు బరువులెత్తు విద్యలో పేరుగాంచిన కృష్ణాజిల్లావాసి దండమూడి రాజగోపాలరావు. విజయవాడ నగరపాలక సంస్థవారి ఇండోరు స్టేడియము నేటికిని ఆయన పేరు వహించియున్నది.

బరువులెత్తువాని బలము ఇనుముపై. ఇనుము నటింపదు, మూలుగదు, తిరుగబడదు. మల్లయుద్ధ దృశ్యమునకు మాత్రము తోడివాడు కావలెను. పడువాడు చక్కగా పడనిదే పడవేయువాని బలము కనబడదు. రాయబార ఘట్టమున దుర్యోధనుడు దీటుగా నిలువనిదే కృష్ణుని పద్యము రక్తికట్టనట్లు, జీమూతుడు గట్టివాడు కానిదే భీముడు భీముడు కాడు. మల్లరంగమున కథ చెప్పువారిలో ఓడువాని పాలు సగమునకు మించినది. దీనిని శాస్త్రమువలె సాధన చేసి, దానినే వృత్తిగా చేసికొన్న జాతి జపాను జాతి. మన విషయము మరింత తేటపడుటకు ఒక్కమారు అచ్చటికి పోవలసియున్నది.

జపానున 'పురోరెసు' అని పిలువబడు వృత్తికుస్తీ రెండవ ప్రపంచయుద్ధానంతరము వేళ్లూనినది. సుమో మల్లుడుగా నుండి దానిని విడిచిన రికిడోజాన్ 1954లో విదేశీయులైన షార్పు సోదరులతో తలపడినపుడు, క్రొత్తగా వచ్చిన టెలివిజను పెట్టెల ముందు వీధులలో జనము క్రిక్కిరిసిరి. దారాసింగుతో పోరి మనదేశమున పేరుమోసిన కింగ్‌కాంగ్ 1955లో ఆ రికిడోజాన్‌తో జపానులో తలపడెను. ఈ వృత్తిలో గెలుపోటములు ముందే నిర్ణయింపబడును. అయినను 1991 ఆగస్టులో న్యూ జపాన్ సంస్థవారు 'జీ వన్ క్లైమాక్స్' పేర జరిపిన తొలి పోటీని చూచినవారు నేటికిని దానిని మరువలేదు. మన ఆలంకారికులు చెప్పిన పంచసంధులు దానియందు వరుసగా కనబడుచున్నవి.

మొదటిది ముఖసంధి, అందు బీజము. కెయిజి ముతో, మసహిరో చోనో అను యువకులు 1984 అక్టోబరులో ఒకే దినమున, ఒకరిపై నొకరు, తమ మొదటి కుస్తీ పట్టిరి. అందు గెలిచినవాడు ముతో. వీరికి షిన్యా హషిమోతో తోడు కాగా ముగ్గురును ఒక తరముగా ఎదిగిరి. ముతో గాలిలో ఎగిరి దూకువాడు, హషిమోతో కాళ్లతో గట్టిగా తన్నువాడు, చోనో నేలమీద ఓపికగా పట్టుపట్టువాడు. ముగ్గురిలో మెరుపు తక్కువవాడు చోనోయే.

ప్రతిముఖమున ఎనమండుగురు రెండు జట్టులై, జట్టులో ప్రతివాడు ప్రతివానితో పోరుట. రికి చోషు, తత్సుమి ఫుజినామి వంటి పెద్దలు అందు కలరు. చోషు తన మూడు కుస్తీలును ఓడిపోయెను. ఆ కాలమున పోటీల కూర్పు బాధ్యత చోషు చేతిలోనే యుండెననుట ఇచ్చట స్మరింపవలెను. కథ కూర్చినవాడే తనకు మూడు ఓటములు వ్రాసికొన్నాడు. శిష్యుని చేతిలో ఓటమిని గురువు కోరుకొనవలెనని మన పెద్దలన్నారు. ఆ మాటను సభలో ఉపన్యసించుట సులభము. వేలమంది చూచుచుండగా వీపు నేలకానించి ఒప్పుకొనుట కష్టము.

గర్భసంధిలో ఫలము కనబడుచు మరుగగుచుండును. చోనో, హషిమోతో సమముగా నిలిచిరి. చివరి దినమున, తుదిపోరునకు ముందే, వారిద్దరును మరల తలపడవలసివచ్చెను. చోనో గెలిచెను, కాని అలసట మిగిలెను. విమర్శసంధిలో ఆ అలసినవాడు, ఏడేండ్ల క్రిందట తన్ను మొదటిసారి ఓడించిన ముతో యెదుట నిలిచెను. సుమారు అరగంట సాగిన పోరు అది. ప్రతి పట్టులోను ఇక ముగిసినదనిపించుట, ముగియకపోవుట. నిర్వహణమున చోనో ముతోను పైకెత్తి వీపు నేలకు తగులునట్లు పడవైచి గెలిచెను.

ఆ పోరు జరిగిన ర్యోగోకు కొకుగికాన్ టోక్యోలోని సుమో మందిరము. సుమోలో అత్యున్నత శ్రేణి మల్లుని తక్కువవాడు ఓడించినపుడు ప్రేక్షకులు తాము కూర్చున్న దిండ్లను రంగమువైపు విసరుట అచ్చటి అలవాటు. చోనో గెలిచిననాడు ఆ మందిరమున దిండ్లు వానవలె కురిసినవి. మథురానగర స్త్రీలవలె ఇచ్చటను ప్రేక్షకులు పాత్రలైరి. వారికి తెలిసినదంతయు మన బాలునకు తెలిసినదే. అయినను చేతులు దిండ్లపైకి పోయినవి.

"అదంతా నాటకమే" అను మాటకు సమాధానము ఇక చెప్పవచ్చును. నిర్ణయింపబడినది ఫలితము, దేహము కాదు. ఎవడు పడవలెనో ముందు అనుకొనవచ్చును గాని, పడినపుడు నేల మెత్తబడదు. 1992 సెప్టెంబరులో ఒక కుస్తీలో తల క్రిందుగా పడి చోనో మెడకు తగిలిన గాయము అతనిని చిరకాలము బాధించెను. ఏండ్ల తరబడి ఎత్తునుండి దూకిన ముతో మోకాళ్లు అరిగి, 2018లో కృత్రిమ కీళ్లు అమర్చుకొనవలసివచ్చెను. గోదాలో ఒకడు తన మెడను రెండవవాని చేతులలో పెట్టుచున్నాడు. వైరము అభినయము, దాని క్రింద నున్న నమ్మకము అభినయము కాదు. బలమును ఎంతవరకు వాడవలెనో, ఎచ్చట ఆపవలెనో తెలియుటయే ఆ విద్యకు ప్రాణము. విరాటుని గోదాలో భీముడు మోసిన బరువు ఇటువంటిదే. ఆరు మాసములు గడచిన పిదప, చీకటి రాత్రి, నర్తనశాలలో కీచకునిపై అదే బాహువులు పనిచేసినవి. అప్పుడు చూచువారు లేరు, చప్పట్లు లేవు. ఆ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో, పోరునకును పోరు రూపమైన కళకును గల భేదము విద్యార్థికి తానే తెలియును.

తరగతిలో దీనిని వినియోగించుట కష్టము కాదు. మల్లయుద్ధ ఘట్టమును చదివించి, మూడు ప్రశ్నలు వేయవలెను: వలలుడు ఏల వెనుకాడెను? జీమూతుడు బలహీనుడైనచో కథ ఏమగును? కొలువువారికి తెలియక మనకు తెలిసినది ఏది? ఈ మూడింటికి సమాధానము చెప్పగల బాలుడు నాటకలక్షణమును సగము నేర్చినట్లే. పిదప అతడు టెలివిజనులో కుస్తీ చూచినను నష్టము లేదు. పడువాని వంక గూడ చూచును.

చోనో ఆ పోటీని మొత్తము ఐదుమార్లు గెలిచెను. ముతో కథ 2023 ఫిబ్రవరి 21న టోక్యో డోమునందు ముగిసినది. అరువదేండ్ల వయస్సున అతడు టెత్సుయా నైతో అను చిన్నవాని చేతిలో ఓడి వీడ్కోలు చెప్పవలసియుండెను. కాని గోదా దిగిపోక, వ్యాఖ్యాతగా ప్రక్కన కూర్చున్న చోనోను రమ్మని పిలిచెను. చాల ఏండ్లుగా పోరు మానిన చోనో చేతికర్రతో నడచువాడు. అయినను లేచి వచ్చెను. కొలది నిమిషములలో తన పేరుమోసిన పట్టు బిగించెను. ముతో ఓటమి ఒప్పుకొనెను. 1984లో మొదటి కుస్తీ ఎవరితో పట్టెనో, ముప్పది యెనిమిదేండ్ల పిదప చివరి కుస్తీయు వానితోనే పట్టి, నాడు తాను పొందిన గెలుపును నేడు వానికి ఇచ్చి పోయినాడు.