చిత్రనిర్మాత వృత్తి : బి. ఎన్. రెడ్డిగారి చరిత్రము



చలనచిత్రము చూచి వచ్చినవారు నటుల పేళ్లు చెప్పుకొందురు. పాటలు బాగుగా నున్నచో పాడినవారిని తలచుకొందురు. ఆ చిత్రమునకు మూలధనము కూర్చి, కథ నిర్ణయించి, పనివారిని చేర్చి, నష్టము వచ్చినచో తానే భరించు వ్యక్తి పేరు మాత్రము పలువురికి తెలియదు. ఆతనినే నిర్మాత యందురు. ఈ వృత్తి యెట్టిది, అందు స్వతంత్రముగా నిలుచుట యెంత కష్టము అను విషయమును మన కడప జిల్లాలో జన్మించిన యొకరి చరిత్రమునుబట్టి నేడు విచారింతము. ఆయన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు. లోకమున బి. ఎన్. రెడ్డిగారని ప్రసిద్ధులు.

మొదట వృత్తిస్వభావమును చెప్పెదను. మెట్టపొలములో వేరుసెనగ వేయు రైతు కష్టము మీ రెరిగినదే. విత్తనము, ఎరువు, కూలి అన్నియు ముందే పెట్టవలెను. పంట యింటికి వచ్చుదాక చేతికి పైస రాదు. సొమ్ము లేనివాడు ప్రొద్దుటూరిలో మండీవారియొద్ద ముందుగా బాకి తెచ్చును. అట్లు తెచ్చినవాడు పంటను ఆ మండీకే తోలవలెను. ధర చెప్పు అధికారము వానికుండదు. నిర్మాత స్థితియు నిట్టిదే. కథకునికి, నటులకు, వాద్యగాండ్రకు, స్టూడియో అద్దెకు ముందే చెల్లింపవలెను. ఆ కాలములో ముడిఫిలిము విదేశములనుండి వచ్చెడిది. దానికిని రొక్కమే కావలెను. సగము తీసిన చిత్రమును కొనువారుండరు. అందుచే పలువురు నిర్మాతలు పంపిణీదారులయొద్ద బయానా తెత్తురు. బయానా వెంట ఆజ్ఞలును వచ్చును. ఫలాని నటుని పెట్టుమందురు. రెండు నాట్యములు చేర్చుమందురు. కడపట కన్నీరు వలదందురు. ఈ ఆజ్ఞలకు లోబడక, తనకు నచ్చిన కథను తానే యెన్నుకొని, లాభనష్టములకు తానే పూచీపడువాడు స్వతంత్ర నిర్మాత.

నరసింహారెడ్డిగారు 1908వ సంవత్సరము నవంబరు 16వ తేదీన పులివెందుల తాలూకాలోని కొత్తపల్లెలో జన్మించిరి. వారిది సేద్యముతోపాటు వర్తకము నెరిగిన కుటుంబము. మన జిల్లా ఉల్లిగడ్డలను మదరాసు మీదుగా బర్మాకు ఎగుమతి చేసినవారు. దూరదేశపు బేరము నమ్మి సరుకు ఓడ కెక్కించువానికి, ఇంకను పుట్టని చిత్రముపై సొమ్ము పెట్టువానికి ధైర్యమొక్కటే గదా! మదరాసులో వారికి ముద్రణాలయమును కలిగెను. అక్కడి పరిచయములవలన ఆయన చిత్రరంగమునకు వచ్చిరి. 1932లో విడుదలయిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను తీసిన హెచ్. ఎం. రెడ్డిగారితో కలిసి, రోహిణీ సంస్థపక్షమున 1938లో ‘గృహలక్ష్మి’ చిత్రనిర్మాణమందు పాలుపంచుకొనిరి. పని నేర్చిన పిమ్మట స్వంత సంస్థ యుండవలెనని తలచిరి. అదే వాహిని. తాడిపత్రికి చెందిన ధనికులు మూలా నారాయణస్వామిగారు అందుకు అండగా నిలిచిరి. మండీకి తాకట్టుపడని రైతువలె, ఓర్పుగల భాగస్వామి దొరికిన నిర్మాత తన యిచ్చవచ్చిన పైరు వేయగలడు.

ఆనాడు తెలుగు చిత్రములలో పురాణకథలే యెక్కువ. ఎల్లరెరిగిన కథ యగుటచే అందు నష్టభయము తక్కువ. వాహినివారు ఆ సులభమార్గమును విడిచి సంసారుల యిండ్లలోని బాధలను చూపిరి. 1939 నాటి ‘వందేమాతరము’లో చదువుకొన్న యువకునికి ఉద్యోగము దొరకకుండుటయు, వరకట్నపు పీడయు విషయములు. 1940 నాటి ‘సుమంగళి’లో వితంతు పునర్వివాహము. 1941 నాటి ‘దేవత’లో నమ్మి మోసపోయిన పనిపిల్ల కథ. ఈ మూటియందును నటించినవారు చిత్తూరు నాగయ్యగారు. ఈ మూడు విషయములును నేటికి పూర్తిగా తీరిపోయినవని యే పల్లెవాసియు చెప్పజాలడు.

తరువాత రెండవ ప్రపంచయుద్ధము ముదిరెను. ముడిఫిలిము దొరకుట కష్టమయ్యెను. ఒక్కొక్క చిత్రము 11,000 అడుగులకు మించరాదని ప్రభుత్వము కట్టడి చేసెను. అది రమారమి రెండు గంటల యాట. అట్టి కాలమున కూడ వాహిని ఆగలేదు. లెక్కలు చూచుచు, నిర్మాణపు పనులు నడుపుచుండిన కె. వి. రెడ్డిగారికి ‘భక్త పోతన’ దర్శకత్వము నప్పగించిరి. నాగయ్యగారు పోతనగా నటించిరి. ఆ చిత్రము ఆంధ్రదేశమంతట నాడెను. అదే కె. వి. రెడ్డిగారు 1947లో ‘యోగి వేమన’ను, 1957లో ‘మాయాబజార్’ను తీసిరి. మనుష్యుని శక్తిని ముందుగా గుర్తించుట నిర్మాతకు ధనమును మించిన పెట్టుబడి యనుటకు ఇది నిదర్శనము. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గొంతు నేపథ్యగానమున తొలిదినములలో వినవచ్చిన 1945 నాటి ‘స్వర్గసీమ’యు బి. ఎన్. గారిదే. ‘మల్లీశ్వరి’తో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిని చిత్రరంగమునకు తెచ్చినవారును ఆయనయే.

ఇక స్టూడియో మాట. చిత్రములు తీయువానికి స్వంత స్టూడియో యున్న మేలే గదా యని మీకు తోచవచ్చును. ఇంగ్లండులో అలెగ్జాండర్ కోర్డా అను నిర్మాత యుండెను. ఆయన హంగరీలో పుట్టి లండను చేరినవాడు. ఎనిమిదవ హెన్రీ రాజుపై 1933లో తీసిన చిత్రము లోకమంతట డబ్బు తెచ్చెను. ఆ విజయము చూచి యొక గొప్ప బీమా సంఘము ఆయనకు ధనమిచ్చెను. ఆయన 1936లో డెన్‌హాములో విశాలమైన స్టూడియో కట్టెను. కాని స్టూడియో యనునది మేపవలసిన యేనుగు. పని యున్నను లేకున్నను జీతములు, దీపముల ఖర్చు, అప్పు వడ్డీ ఆగవు. చిత్రములు ఒకదాని వెనుక నొకటి తీయకున్నచో గిట్టదు. తొందరపడి తీసినచో చిత్రము చెడును. కొలది సంవత్సరములకే ఆ స్టూడియోపై అధికారము కోర్డా చేయి జారెను.

మదరాసు వడపళనిలో వాహినీ స్టూడియో వెలసినప్పుడు మనవారి యెదుటను ఇదే ప్రశ్న నిలిచెను. దీనికి సమాధానము ఒకే యింటి యన్నదమ్ములయందు కనబడును. తమ్ముడు బి. నాగిరెడ్డిగారు 1912లో జన్మించిరి. ఆయన 1947 జులైలో ‘చందమామ’ పత్రికను ప్రారంభించిరి. చక్రపాణిగారితో కూడి విజయా సంస్థను నెలకొల్పి ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘గుండమ్మకథ’ మున్నగు చిత్రములను నిర్మించిరి. వాహినీ స్టూడియో నిర్వహణమును క్రమముగా ఆయనయే వహించిరి. విజయా-వాహినిగా అది దక్షిణదేశమున పెద్ద స్టూడియోలలో నొకటియై, పలు భాషల నిర్మాతలకు అద్దె కీయబడుచు వర్ధిల్లెను. తమ్ముడు యేనుగును మేపగల సమర్థుడు. అన్నగారు మాత్రము తొందర యెరుగని శిల్పివలె తన పని తాను చేసికొనిరి. ‘వందేమాతరము’ మొదలుకొని 1969 నాటి ‘బంగారు పంజరము’ వరకు ముప్పది యేండ్లలో ఆయన దర్శకత్వము వహించినవి 11 చిత్రములు మాత్రమే. ‘స్వర్గసీమ’కు, ‘మల్లీశ్వరి’కి నడుమ ఆరేండ్లు గడచినవి. స్టూడియో ఖర్చులకు వెరచి బొమ్మలు తీయువాడు ఆరేండ్లు ఆగగలడా?

ఆ యోర్పునకు ఫలమేమి? 1951 నాటి ‘మల్లీశ్వరి’ శ్రీకృష్ణదేవరాయల కాలపు కథ. జమ్మలమడుగు దాపున గండికోటను చూచుచుండు మీకు ఆ కాలము దూరపుది కాదు. రాజాంతఃపురపు వైభవము, దానిలో చిక్కుకొన్న పల్లెపిల్ల దుఃఖము అందు కలవు. సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతమును జనులు నేటికిని మరువలేదు. 1955 నాటి ‘బంగారు పాప’కు మూలము జార్జి ఇలియట్ అను ఆంగ్ల రచయిత్రి 1861లో ప్రచురించిన నవల. ఆ నవలలోని నాయకు డొక నేతగాడు. ఒంటరిగా బ్రతుకుచు బంగారము కూడబెట్టినవాడు, అది పోయిన పిదప దొరికిన పసిబిడ్డను పెంచి మరల మనుష్యుడగును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములవారికి మగ్గమును, బంగారమును రెండును తెలిసినవే. కథ మనదివలెనే తోచును. తెలుగు వాతావరణమునకు దానిని మలచుటలో పాలగుమ్మి పద్మరాజుగారు తోడ్పడిరి. ఆ చిత్రమునకును, 1966 నాటి ‘రంగులరాట్నము’నకును జాతీయ పురస్కారములు లభించినవి.

1974లో ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ బిరుదము నిచ్చెను. ఆ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును ఆయనకే దక్కెను. దక్షిణదేశమున దానిని మొదట పొందినవారాయనయే. 1977 నవంబరు 8వ తేదీన ఆయన స్వర్గస్థులైరి. 1986 సంవత్సరపు ఫాల్కే పురస్కారము నాగిరెడ్డిగారికి వచ్చెను. తమ్మునిగారు 2004లో కాలధర్మము నొందిరి. వడపళనిలో ఆనాటి స్టూడియో యిప్పుడు లేదు. ఆ చిత్రములను మాత్రము జనులు ఇండ్లలో కూర్చుండి నేటికిని చూచుచున్నారు.

గ్రామపెద్దలకు ఈ చరిత్రముతో పని యేమి? చిత్రములపై మక్కువగొన్న పడుచువాడు పొలమమ్మి పెట్టుబడి పెట్టెదనని తండ్రితో వాదించుట, ఆ తగవు పెద్దల యరుగుమీదికి వచ్చుట వింత కాదు. వెంటనే కూడదని గద్దించినచో వాడు చెప్పకయే పోవచ్చును. ఊరక సరేయన్నచో పొలము పోవును. కనుక వాని నీ ప్రశ్నలడుగుడు. ముందుగా పని యెవరియొద్ద నేర్చితివి? బి. ఎన్. గారు మరియొకరితో పని చేసిన పిదపనే స్వంత సంస్థ పెట్టిరి. సొమ్మెవరిది, వాడెంతకాలము ఓర్చును? లెక్క చూచు నమ్మకస్థు డెవడు? ఈ పైరు ఎండినచో మరుసటి యేడు తిండిగింజ లెక్కడివి? వీనికి నిదానముగా బదులు చెప్పగలిగినవానిని ఆశీర్వదింపుడు. చెప్పలేనివానిని మొదట మదరాసులోనో హైదరాబాదులోనో ఒకరిచేతిక్రింద రెండేండ్లు పని చేసి రమ్మనుడు. పొలము ఎచ్చటికిని పోదు.