హామ్ రేడియో బ్యాండ్లలో మోర్స్ – డిజిటల్ పద్ధతుల సహవాసం: సంభాషణ మర్యాద దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
హామ్ రేడియోలో మోర్స్ కోడ్‌తో సంభాషించేవారూ, కంప్యూటర్ ద్వారా డిజిటల్ సంకేతాలు పంపేవారూ ఒకే బ్యాండును పంచుకోవలసి ఉంటుంది. వీరి మధ్య తలెత్తే వివాదాన్ని పాతకొత్తల ఘర్షణగా భావించడం సులభం. కానీ “ఈ చోటు ఖాళీగా ఉందా?” అని అడగడానికి ఇరువర్గాలకూ ఉమ్మడి భాష లేకపోవడమే అసలు చిక్కు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 14 మెగాహెర్ట్జ్ బ్యాండును, అమెరికా నిబంధనలను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: హామ్ రేడియో, మోర్స్ కోడ్, డిజిటల్ పద్ధతులు, బ్యాండ్ ప్రణాళిక, సంభాషణ మర్యాద.

1. ప్రవేశిక

లాభాపేక్ష లేకుండా, రేడియో విజ్ఞానంపై ఆసక్తితో లైసెన్సు పొంది సంభాషించేవారిని హామ్‌లు అంటారు. వీరికి కేటాయించిన బ్యాండ్లలో 14.000 నుంచి 14.350 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న 20 మీటర్ల బ్యాండు దూరదేశ సంభాషణలకు ప్రసిద్ధం. ఇక్కడి తరంగాలు అయనోవరణంలో వంగి తిరిగి భూమిని చేరుతాయి. అందువల్ల హైదరాబాదులోని హామ్ పిలుపు అనుకూల సమయంలో అమెరికాలో వినిపించవచ్చు. ఒక దేశపు నిబంధన ప్రభావం ఆ దేశంతోనే ఆగకపోవడానికి కారణం ఇదే. బ్యాండు మొత్తం వెడల్పు మాత్రం 350 కిలోహెర్ట్జే.

2. చట్టం – ఆచారం

బ్యాండు దిగువభాగం చట్టరీత్యా మోర్స్‌కే ప్రత్యేకమన్న అభిప్రాయం కలగడం సహజం. అమెరికాలో అది వాస్తవం కాదు. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నిబంధనల ప్రకారం 14.000 నుంచి 14.150 మెగాహెర్ట్జ్ వరకు మోర్స్‌తో పాటు డేటా పద్ధతులకూ అనుమతి ఉంది. మోర్స్‌కే పరిమితమైన భాగాలు 50.0–50.1, 144.0–144.1 మెగాహెర్ట్జ్‌ల వద్ద ఉన్నాయి. హెచ్‌ఎఫ్ బ్యాండ్లలో అటువంటిది ఒక్కటీ లేదు. ఏ పౌనఃపున్యాన్నీ ఏ ఒక్క కేంద్రానికీ సొంతం చేయబోమని, చోటును ఎంచుకోవడంలో అందరూ సహకరించుకోవాలని అవే నిబంధనలు నిర్దేశిస్తాయి.

చట్టం వదిలిన ఈ ఖాళీని ఆచారం పూరించింది. ఇంటర్నేషనల్ అమెచ్యూర్ రేడియో యూనియన్ మొదటి ప్రాంతానికి, అంటే ప్రధానంగా ఐరోపా, ఆఫ్రికాలకు రూపొందించిన బ్యాండ్ ప్రణాళికలో 14.000–14.070 మోర్స్‌కు ఉద్దేశించింది. అక్కడ సంకేతం వెడల్పు 200 హెర్ట్జ్ మించరాదు. ఆపైన 14.099 వరకు 500 హెర్ట్జ్ మించని డిజిటల్ పద్ధతులకు చోటు ఇచ్చారు. అమెరికాలోనూ డిజిటల్ సంకేతాలు 14.070 పైన ఉండడమే వాడుక. అక్కడి మోర్స్ వాడుకరులకు రక్షణగా ఉన్నది పరస్పర గౌరవంతో నిలిచిన ఈ ఒప్పందమే.

3. రెండు పద్ధతుల స్వభావం

మోర్స్ చెవితో వినే భాష. ఆంగ్లంలో ఎక్కువగా వచ్చే ‘ఇ’ అక్షరానికి ఒకే చుక్క; అరుదైన అక్షరాలకు పొడవైన సంకేతాలు. పీటర్ మార్టినెజ్ 1998లో రూపొందించిన పీఎస్‌కే31 అనే డిజిటల్ పద్ధతి కూడా తరచుగా వచ్చే అక్షరాలకు చిన్న సంకేతాలనే ఇచ్చింది. కాబట్టి డిజిటల్ అంతా మోర్స్‌కు పరాయిదనడం సరికాదు.

స్టీవెన్ ఫ్రాంకే, 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన జో టేలర్ కలిసి 2017లో విడుదల చేసిన ఎఫ్‌టీ8 స్వభావం వేరు. ఇందులో కాలాన్ని 15 సెకన్ల విడతలుగా విభజిస్తారు. ఒక విడతలో 12.64 సెకన్ల పాటు సందేశం పంపి, మరుసటి విడతలో వింటారు. సంకేతం వెడల్పు 50 హెర్ట్జ్ మాత్రమే. సాధారణంగా చెవికి అందనంత బలహీనమైన సంకేతాన్ని కూడా కంప్యూటర్ చదవగలదు. అయితే సందేశం పరిమాణం 77 బిట్లు. పిలుపు గుర్తులు, ప్రాంతసూచిక, సంకేతబలం అందులో ఇముడుతాయి. స్వేచ్ఛగా ఏదైనా రాయాలంటే 13 అక్షరాలకు మించి చోటు లేదు.

4. ప్రశ్న చేరని చోటు

మోర్స్ వాడుకరి కొత్త చోట పిలుపు మొదలుపెట్టే ముందు ‘క్యూ ఆర్ ఎల్?’ అని పంపుతాడు. ఈ చోటు వాడుకలో ఉందా అని దాని భావం. ప్రశ్నార్థకం లేకుండా అదే సంకేతం తిరిగి వస్తే “ఉంది” అని సమాధానం. ఒకే పదం ప్రశ్నగానూ జవాబుగానూ పనిచేసే ఈ పొదుపు వెనుక ఒక షరతు ఉంది. ఎదుటివాడు మోర్స్ వింటూ ఉండాలి.

14.074 వద్ద ఎఫ్‌టీ8 వాడుకరులు ఎప్పుడూ గుమిగూడి ఉంటారు కనుక అక్కడ సందేహానికి తావు లేదు. ఆ గుంపుకు దూరంగా ఒంటరిగా పనిచేసే ఎఫ్‌టీ8 కేంద్రం విషయంలోనే చిక్కు వస్తుంది. మోర్స్ వాడుకరి రెండు మూడు సెకన్లు విన్నాడనుకుందాం. ఆ సమయం ఆ కేంద్రం వినే విడతలో పడి, దానితో మాట్లాడే రెండో కేంద్రం ఇతనికి వినిపించకపోతే, చోటు ఖాళీగానే తోస్తుంది. అతడు వేసిన ప్రశ్న డిజిటల్ వాడుకరి తెరపై ఒక గీతగా కనిపించవచ్చు గాని మాటగా మారదు. ఒకవేళ అతడు గ్రహించినా, 13 అక్షరాల్లో పంపే సమాధానం మోర్స్ వాడుకరికి అర్థం కాని స్వరాల వరుసగానే వినిపిస్తుంది. ఇద్దరూ మర్యాద పాటించినా ఆ మర్యాద రెండోవారికి చేరదు.

5. వినని కేంద్రాలు, పెరిగిన వెడల్పు

స్వయంచాలిత సందేశ కేంద్రాల వద్ద సమస్య తీవ్రమవుతుంది. దూరాన ఉన్న వాడుకరి పిలవగానే ఇటువంటి కేంద్రం దానంతట అదే బదులిస్తుంది. పిలిచినవాడు చోటు ఖాళీగా ఉందనే నమ్మవచ్చు. కానీ బదులిచ్చే కేంద్రం చుట్టూ ఉన్నవారి సంభాషణ అతనికి వినిపించదు; కేంద్రం వద్ద వినడానికి మనిషి ఉండడు. అందుకే అమెరికా నిబంధనలు ఇటువంటి కేంద్రాలకు కొన్ని భాగాలను నిర్ణయించాయి. వాటి వెలుపల, మనిషి నియంత్రణలో ఉన్న కేంద్రం పిలిస్తేనే, 500 హెర్ట్జ్ మించని వెడల్పుతో బదులివ్వాలి.

2023 నవంబరులో కమిషన్ హెచ్‌ఎఫ్ డేటా పద్ధతులపై ఉన్న సంకేతవేగ పరిమితిని తొలగించి, దాని స్థానంలో 2.8 కిలోహెర్ట్జ్ వెడల్పు పరిమితిని విధించింది. ఇది 2024 జనవరిలో అమలులోకి వచ్చింది. అత్యవసర సమాచారాన్ని వేగంగా పంపడానికి దీనివల్ల కలిగే మేలును కాదనలేం. కానీ 2.8 కిలోహెర్ట్జ్ అంటే 200 హెర్ట్జ్ చొప్పున 14 మోర్స్ సంభాషణలకు సరిపోయే చోటు. వెడల్పు పెరిగినకొద్దీ వినవలసిన బాధ్యత కూడా పెరగాలి.

6. ముగింపు

సహవాసం అసాధ్యమేమీ కాదు. 14.100 మెగాహెర్ట్జ్ వద్ద అంతర్జాతీయ బీకన్ పథకానికి చెందిన 18 కేంద్రాలు ఒకే పౌనఃపున్యాన్ని పంచుకోగలుగుతున్నాయి. ఒక్కొక్క దానికి 10 సెకన్ల చొప్పున మూడు నిమిషాలకు ఒక ఆవృత్తి పూర్తవుతుంది. ఏ కేంద్రం వంతు ఎప్పుడో ముందే తెలిసి ఉండడం వల్ల అక్కడ అడగవలసిన అవసరమే లేదు. వంతులు లేని మిగిలిన బ్యాండులో అడగక తప్పదు.

కాబట్టి మోర్స్ వాడుకరి కనీసం రెండు పూర్తి విడతలు, అంటే 30 సెకన్లు, విశాలమైన ఫిల్టరుతో విని పిలుపు మొదలుపెట్టడం మేలు. డిజిటల్ వాడుకరి తన తెరపై మోర్స్ జాడను గుర్తించడం నేర్చుకొని, గుంపు ఉన్న చోటుకే పరిమితం కావాలి. స్వయంచాలిత కేంద్రానికి ఇతర పద్ధతుల సంకేతాలను కూడా గుర్తించి ఆగే ఏర్పాటు ఉండాలి. ఉమ్మడి భాష లేనిచోట ఉమ్మడిగా మిగిలేది వినడమొక్కటే. అది కొరవడితే ఆచారం నిలవదు. ఆచారం నిలవకపోతే హెచ్‌ఎఫ్‌లో మోర్స్‌కు చట్టం దాచిపెట్టిన చోటు వేరే ఏదీ లేదు.