క్షేత్ర వాహనాలలో ఇంజిన్ శక్తి క్షీణత, విద్యుత్ లోపాలు: తీరప్రాంతంలో కారణ నిర్ధారణ

వరిలో సుడిదోమ కనిపించిందన్న కబురు అందిన రోజే పొలానికి చేరి ఇచ్చే సలహాకు, మూడు రోజుల తరువాత చేరి ఇచ్చే సలహాకు ఎంత తేడా ఉంటుందో విస్తరణ శాస్త్రవేత్తలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మూడు రోజులు చాలాసార్లు వాహనం షెడ్డులో ఉన్నందువల్లనే పోతాయి. ఏరువాక కేంద్రాలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు ఉండేవి ఒకటి రెండు వాహనాలే. కనుక వాహన లోప నిర్ధారణను ఒక సస్యశాస్త్ర ఆచార్యుడు చర్చించడం అనుచితం కాదని భావిస్తున్నాను. మరమ్మతు మెకానిక్ చేయవలసినదే. అయితే ఏ ఆధారంతో ఏ భాగం మారుస్తున్నారని అడగడానికి మనకు కొంత అవగాహన అవసరం.

ఈ విషయంలో మనకు పరిచితమైన సూత్రమే మార్గం చూపుతుంది. లీబిగ్ కనిష్ఠ సూత్రం ప్రకారం అవసరానికి అన్నిటికంటె తక్కువగా లభించే పోషకమే దిగుబడిని నిర్ణయిస్తుంది. మిగిలినవి ఎంత వేసినా ప్రయోజనం ఉండదు. ఇంజిన్ శక్తికి గాలి, ఇంధనం, సంపీడనం, సరైన సమయంలో జ్వలనం కావాలి. వీటిలో కొరత పడినది ఏదో తెలుసుకోకుండా తోచిన భాగాన్ని మార్చడం, జింకు లోపించిన వరికి యూరియా వేయడం వంటిది. తరాయి ప్రాంతపు వరిలో ఖైరా తెగులుగా పిలిచిన సమస్యకు మూలం జింకు లోపమని పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనె 1966లో తెలియజేశారు. లక్షణం ఆకుమీద కనిపించింది, కారణం నేలలో ఉన్నది. వాహనంలోనూ లక్షణం ఒకచోట, కారణం మరొకచోట ఉండడం సర్వసాధారణం.

తీరప్రాంత వాహనాల ప్రత్యేకత

విశాఖపట్నం నుంచి జాతీయ రహదారి 16 మీదుగా అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికి వెళ్లే దారిలో, ఉక్కు కర్మాగారం ముంగిట కూర్మన్నపాలెం ఉంది. ఈ పరిసరాలలో ఆరుబయట నిలిపే వాహనం ధూళిని, ఉప్పుగాలిని ఏకకాలంలో ఎదుర్కొంటుంది. భారీ లారీల రద్దీ నిరంతరం ఉంటుంది. గంగవరం రేవు, సముద్రం దూరం కావు. ధూళి ఎయిర్ ఫిల్టరును మూసివేస్తుంది. ఉప్పు చేసే హాని ఇంతకంటె నిగూఢమైనది. సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడు గాలిలోని తేమను పీల్చుకొని ద్రావణంగా మారుతుంది. వర్షాకాలపు రాత్రులలో మన తీరంలో ఆర్ద్రత ఈ హద్దును తరచుగా దాటుతుంది. అంటే వాన చినుకు పడకపోయినా బానెట్ కింది బోల్టుల మీద, టెర్మినళ్ల మీద పలుచని ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. ఇనుము, రాగి, సీసం వంటి భిన్న లోహాలు కలిసేచోట ఆ పొర విద్యుద్విశ్లేష్యంగా పనిచేసి తుప్పును వేగవంతం చేస్తుంది. మెట్టప్రాంతపు సర్వీసు గడువులను యథాతథంగా ఇక్కడ పాటించడం సరికాదని నా అభిప్రాయం.

లోపం నిజంగా ఇంజిన్‌దేనా?

"పికప్ లేదు" అన్న ఫిర్యాదుకు ఇంజిన్ కారణం కాకపోవచ్చు. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం, చక్రభ్రమణాలు పెరిగి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నదని అర్థం. కొంతదూరం నడిపి ఆపిన తరువాత ఒక చక్రం మిగిలినవాటికంటె అధికంగా వేడెక్కి ఉంటే బ్రేకు పట్టి ఉన్నది. ఈ రెండూ పరీక్షించడానికి పది నిమిషాలు చాలు, పరికరమేదీ అవసరం లేదు.

ఎత్తు ప్రభావాన్నీ విడిగా లెక్కించాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లి పరిశోధనా స్థానానికి చేరేసరికి సముద్రమట్టం నుంచి 800 మీటర్లకు పైగా ఎక్కుతాము. అక్కడ గాలి సాంద్రత సుమారు 8 శాతం తగ్గుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజిన్ శక్తి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఇది లోపం కాదు. అదే కారు కూర్మన్నపాలెం కూడలిలో కూడా కదలలేకపోతే లోపమే.

గాలి, ఇంధనం

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. గాలి తగ్గినప్పుడు పాత డీజిల్ ఇంజిన్ నల్లపొగ ద్వారా సమస్యను తెలియజేస్తుంది. ఆధునిక పెట్రోలు ఇంజిన్‌లో కంప్యూటరు ఇంధనాన్ని గాలికి తగినట్లు తగ్గిస్తుంది కనుక పొగ రాదు, శక్తి మాత్రమే తగ్గుతుంది. పొగ లేదు కాబట్టి ఫిల్టరు బాగుందనుకోవడం సరికాదు. టర్బో ఉన్న వాహనంలో ఈలవంటి శబ్దం, గొట్టాల అతుకుల వద్ద నూనె మరక ఉంటే అక్కడ గాలి కారుతున్నదేమో పరిశీలించాలి.

నిలకడగా తిరిగే ఇంజిన్ బరువు పడినప్పుడు మాత్రమే చతికిలబడితే ఇంధన సరఫరాను అనుమానించాలి. డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని వర్షాకాలంలో తీసివేయడం చాలామంది మరచిపోయే పని. కుదుపులతో కూడిన శక్తి నష్టం అయితే పెట్రోలు వాహనంలో స్పార్క్ ప్లగ్, ఇగ్నిషన్ కాయిల్ వైపు చూడాలి.

విద్యుత్ మార్గం

అనవసర వ్యయం అధికంగా జరిగేది ఈ విభాగంలోనే. మా విభాగపు కారు ఒకదానికి ఒకే వర్షాకాలంలో రెండు బ్యాటరీలు, ఒక ఆల్టర్నేటరు మార్చినా ఉదయం సెల్ఫ్ బరువుగానే తిరిగేది. చివరకు తేలిన కారణం, ఇంజిన్‌ను బాడీతో కలిపే ఎర్త్ పట్టీ బోల్టు కింది తుప్పు. ఇది ఎలా జరుగుతుందో విద్యార్థులు లెక్కకట్టి చూడడం మంచిది.

ఆ బిగింపు వద్ద నిరోధం 0.02 ఓములు అనుకుందాం. సెల్ఫ్ మోటారు 120 ఆంపియర్లు తీసుకుంటే, ఓమ్ నియమం ప్రకారం 2.4 వోల్టులు ఆ బోల్టు దగ్గరే నష్టమవుతాయి. మోటారు నీరసంగా తిరుగుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అదే మార్గంలో 40 ఆంపియర్లు ప్రవహిస్తే 0.8 వోల్టు నష్టం. ఆల్టర్నేటరు తన వద్ద 14.1 వోల్టులు ఇస్తున్నా బ్యాటరీకి చేరేది 13.3 మాత్రమే. ఆ స్థితిలో కొత్త బ్యాటరీ కూడా పూర్తిగా ఛార్జి కాక కొన్ని వారాలలో నీరసిస్తుంది. దానితో బ్యాటరీ నాసిరకమని అమ్మినవారిని నిందిస్తాము.

మల్టీమీటరును ఓముల స్థానంలో పెట్టి ఈ లోపాన్ని కనుగొనలేము. సాధారణ మీటరు తీగల నిరోధమే 0.02 ఓములకు అనేక రెట్లు ఉంటుంది. పైగా ఆ పరీక్షలో ప్రవహించే విద్యుత్తు అత్యల్పం. తుప్పుపట్టిన అతుకు ఆ కొద్దిపాటి ప్రవాహాన్ని సులువుగానే పోనిస్తుంది. కనుక భారం ఉన్నప్పుడే కొలవాలి. మీటరును డీసీ వోల్టుల స్థానంలో ఉంచి, ఒక మొనను బ్యాటరీ నెగటివ్ స్తంభానికి, రెండవ మొనను ఇంజిన్ లోహభాగానికి ఆనించి, సహాయకుని సెల్ఫ్ కొట్టమనాలి. రీడింగు 0.2 వోల్టు లోపుంటే ఎర్త్ మార్గం బాగున్నట్లే. అర వోల్టు దాటితే పట్టీని ఒక్కొక్క బిగింపుగా పరీక్షించి, వోల్టేజి నష్టమవుతున్న అతుకును గుర్తించాలి. ప్రతి పొలానికీ మట్టి పరీక్ష చేయమని రైతుకు చెప్పే మనం, బ్యాటరీ కొనే ముందు ఈ ఒక్క కొలత తీయించడం న్యాయం.

బ్యాటరీ స్థితికి వేరే కొలమానం ఉంది. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉంచిన తరువాత 12.6 వోల్టులు చూపితే పూర్తి ఛార్జి, 12.2 దగ్గర ఉంటే సుమారు సగం. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ స్తంభాల వద్ద సాధారణంగా 13.8 నుంచి 14.5 వరకు రావాలి. స్మార్ట్ ఛార్జింగ్ ఉన్న కొత్త కార్లలో ఇది మారుతూ ఉంటుంది. వాడకుండా నిలిపిన కారు నాలుగు రోజులకే మొరాయిస్తే నిద్రాణ ప్రవాహాన్ని కొలవాలి. సర్క్యూట్లన్నీ విశ్రాంతి స్థితికి వచ్చాక అది సాధారణంగా 0.05 ఆంపియరు దాటకూడదు. 0.3 ఆంపియరు ప్రవహిస్తుంటే రోజుకు 7 ఆంపియర్-గంటలకు పైగా ఖర్చు. 45 ఆంపియర్-గంటల బ్యాటరీ నాలుగు రోజుల్లో సగానికి పైగా ఖాళీ అవుతుంది. ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ ప్రవాహం ఎక్కడ పడిపోతుందో చూస్తే దోషమున్న శాఖ తెలుస్తుంది.

ఇక విద్యుత్ లోపమే శక్తి లోపంగా కనిపించే సందర్భం. పెట్రోలు ట్యాంకులోని పంపు 8 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. దాని కనెక్టరులో 0.3 ఓము నిరోధం చేరితే 2.4 వోల్టులు తగ్గిపోతాయి. పంపు తిరుగుతూనే ఉంటుంది, మెల్లగా నడిపినప్పుడు లోటు తెలియదు. లారీని దాటబోయినప్పుడో ఘాట్ ఎక్కినప్పుడో ఇంధన పీడనం చాలక ఇంజిన్ చతికిలబడుతుంది. ఫిల్టరు మార్చి, ఇంజెక్టర్లు కడిగించి, చివరకు పంపునే మార్చినా పాత కనెక్టరు అలాగే ఉంటే సమస్య మళ్లీ వస్తుంది. పరిశోధనా స్థానాలలో ధాన్యం గోదాము పక్కన వాహనాలు నిలిపే అలవాటు ఉంటే మరొక అనుమానితుడిని కూడా చేర్చాలి. కోతల తరువాత ఎలుకలు బానెట్ కిందికి చేరి వైర్లు కొరకడం కొత్తేమీ కాదు.

స్కానర్ సంకేతాలు

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల వాహనాలలో స్కానర్ లేకుండా నిర్ధారణ కష్టమే. అయితే అది చూపే సంకేతం మార్చవలసిన భాగం పేరు కాదు. పి 0562 అంటే వ్యవస్థలో వోల్టేజి తక్కువగా ఉంది. కారణం ఆల్టర్నేటరు కావచ్చు, పైన చెప్పిన ఎర్త్ పట్టీ కావచ్చు. పి 0087 ఇంధన రైలులో పీడనం తక్కువని, పి 0299 టర్బో పీడనం చాలలేదని తెలుపుతాయి. అనేక సంకేతాలు ఒకేసారి కనిపిస్తే ముందుగా వోల్టేజిని, ఎర్త్‌ను సరిచూడడం ఉత్తమం. వోల్టేజి పడిపోయినప్పుడు కంప్యూటరుకు అన్ని సెన్సార్లూ చెడిపోయినట్లే కనిపిస్తాయి. సంకేతాలను చెరిపివేసే ముందు కాగితంపై రాసుకోవాలి.

ఎర్త్ బిగింపులను శుభ్రం చేయడానికి ముందు బ్యాటరీ నెగటివ్ తీగను తొలగించాలి. పెయింటును, తుప్పును మెరిసే లోహం కనిపించేవరకు గీకి, గట్టిగా బిగించిన తరువాతనే పైన వ్యాజలీన్ పూయాలి. ఆపై అదే వోల్టేజి నష్ట పరీక్ష మరొకసారి చేసి, రీడింగును తేదీతో లాగ్‌బుక్కులో నమోదు చేయాలి. కూర్మన్నపాలెం వంటి తీరప్రాంతంలో తొలకరికి ముందొకసారి, ఈశాన్య రుతుపవనాలు వెళ్లాక ఒకసారి ఈ కొలత తీసుకుంటే రెండు రీడింగుల తేడాయే తుప్పు వేగాన్ని చూపుతుంది.